టర్న్‌టేబులు, స్పీకర్లు కొనేముందు పరీక్షకి ఏ రికార్డులు పట్టుకెళ్ళాలి? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

కొర్లగుంట కుర్రోడు
అందరికీ నమస్కారం. మా తాత రికార్డుల ట్రంకుపెట్టె అటక మీంచి దించాం. వాటికోసం ఒక టర్న్‌టేబులు (రికార్డు ప్లేయరు), ఆంప్లిఫయరు, జత స్పీకర్లు కొనాలని వచ్చే ఆదివారం చెన్నై పోతున్నా. షోరూములో వాళ్ళు ఏరి పెట్టుకున్న రికార్డు వేస్తారు, అది ఎందులో వేసినా బ్రహ్మాండంగానే వినిపిస్తుంది. అందుకని మనవే కొన్ని తీసుకెళ్ళాలనుకుంటున్నా. పెట్టెలో ఉన్నవి: ఎమ్మెస్ సుప్రభాతం, ఘంటసాల భగవద్గీత, శంకరాభరణం, చిట్టిబాబు వీణ, సినిమా పాటల ఈపీలు (చిన్న రికార్డులు) బోలెడు, అడుగున బరువైన పాత రికార్డులు కొన్ని. ఇన్ని మోసుకుని రైలెక్కలేను. నాలుగైదు చెప్పండి.

రేణిగుంట జంక్షన్
సుప్రభాతం. తిరుపతిలో పుట్టినోడికి అంతకన్నా బాగా తెలిసిన రికార్డు ఇంకేముంది? ఎక్కడ ఏ అక్షరం వస్తుందో నిద్దట్లో కూడా చెప్తావు.

మైకుసెట్టు చిత్తూరు
తెలిసిన రికార్డు తీసుకోనిపొమ్మనేది సరే సామీ. అది నీకు యాడ తెలిసింది? గుడికాడ హారన్‌లో, టీకొట్టు డబ్బాలో, బస్సులో. హారన్‌లో కింది గొంతు రాదు, పైన మెరుపూ రాదు, నడిమద్దె కీచుమనేది ఒకటే వస్తాది. అదే మనసులో పెట్టుకోనిపోయి మంచి బాక్సుల్లో ఇంటే "ఇదేంది ఇంత చప్పగా ఉండాది" అని లేసి వచ్చేస్తావు. మా నాయన కాలం నుంచీ పెండ్లిండ్లకి మైకుసెట్లు కడతా ఉండాము కాబట్టి చెప్తా ఉండా, హారన్‌లో బాగా ఇనపడే రికార్డు వేరే, ఇంట్లో బాగా ఇనపడే రికార్డు వేరే.

ఇంగోటి. ఆ రికార్డు మీ ఇంట్లో దినామూ తెల్లారే వేసింటారు. అప్పటి సిరామిక్ కార్ట్రిడ్జిలు, అదే ముల్లు బిగించే డబ్బీలు, ముల్లుని 5 గ్రాములో, అంతకన్నా ఎక్కువ బరువుతోనో గాడిలోకి తొక్కేవి. ఇప్పటివి 2 గ్రాముల కాడ తిరగతాయి. అన్నేండ్లు తొక్కిన గాడి అంచులు పాడైపోయింటాయి. అది పెట్టి లక్ష రూపాయల సిస్టం ఇన్నా గరగరే. తప్పు స్పీకరుది అనుకోని మంచి స్పీకరు వదులుకోనొస్తావు. శంకరాభరణంకీ ఇదే మాట. ఇంటింటా ఉండే రికార్డే కాబట్టి ఇంటింటా అరిగిపోయుండాది.

తంబుర శ్రుతి
నేను వీణ నేర్పుతాను, ఎలక్ట్రానిక్స్ నా సబ్జెక్టు కాదు. కానీ ఎవరింట్లోనైనా రికార్డు పెట్టగానే నా చెవి ముందు తంబురా మీదికి పోతుంది. గాయని గమకం వేస్తుంది, వీణలో తీగ లాగుతారు, అక్కడ స్వరం ఊగితే అది కళాకారుడు ఊపిందో, ప్లేయరు ఊపిందో చెప్పడం కష్టం. తంబురాకి గమకం లేదు. కచేరీ మొదలైనప్పటినుంచి చివరిదాకా ఒకే శ్రుతి. అది ఊగుతున్నట్టు తోచిందంటే కళాకారుడి మీద అనుమానం అక్కర్లేదు, కింద తిరిగేదాన్నే చూడాలి. పల్లవి పూర్తయ్యేలోపే ప్లేయరు సంగతి తెలిసిపోతుంది.

అందుకే నా మొదటి ఓటు బాలాజీ పంచరత్నమాల. తి.తి.దే. పూనికతో ఎమ్మెస్ గారు పాడిన అయిదు ఎల్పీల (పెద్ద రికార్డుల) సెట్టు, 1980 ప్రాంతంలో వచ్చింది. పూర్ణకుంభం సర్కిల్లో ఆమె విగ్రహం ముందు నుంచి రోజూ వెళ్తూ ఆ సెట్టు వినని వాళ్ళు మన ఊళ్ళో చాలామందే ఉన్నారు, అది వేరే బాధ. అందులో అన్నమాచార్య కీర్తనలున్న రికార్డు ఒకటి చాలు. సుప్రభాతం 1963 నాటిది, దానికీ దీనికీ మధ్య రికార్డింగు పద్ధతులు ఎంత మారాయో కూడా తెలుస్తుంది. మీ పెట్టెలో లేకపోతే మా ఇంటికొచ్చి తీసుకెళ్ళండి బాబూ, తిరిగి ఇస్తానంటేనే.

రెండోది మీ దగ్గరున్న చిట్టిబాబు గారి వీణ. వీణలో నేను వినేవి రెండు. మీటు పడ్డ క్షణం, ఆ తర్వాత నాదం నిలిచే సేపు. గోరు తీగని తాకిన చప్పుడు విడిగా, వెంటనే దాని వెనక నాదం విడిగా రావాలి. రెండూ కలిసిపోయి టంగుమంటే స్పీకరో కార్ట్రిడ్జో మొద్దుది. తరవాత ఆ నాదం సన్నబడుతూ ఎంతదూరం వినిపిస్తుందో చూడండి. నాసిరకం సెట్టులో అది సగంలోనే గరగరలో కలిసిపోతుంది. పక్కన ఉండే మూడు తాళం తీగలు కూడా వినబడాలి. చాలా స్పీకర్లు వాటిని మింగేస్తాయి.

కొర్లగుంట కుర్రోడు
టీచరమ్మా, తప్పకుండా వస్తాను. తిరిగి ఇస్తాను, అమ్మతోడు.
తంబురా ఊగుతుందని నాలాంటి వాడికి తెలుస్తుందా? నాకు సంగీతం రాదు.

తంబుర శ్రుతి
తెలుస్తుంది. శ్రుతి పేరు చెప్పక్కర్లేదు కదా, కదులుతోందా లేదా అన్నదే ప్రశ్న. కళ్ళు మూసుకుని వినండి.

గాడి గణితం
టీచరుగారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను. చిత్తూరు గ్రీమ్స్‌పేట మాది, బెంగుళూరులో ఉద్యోగం.

ఎల్పీ వేగం 33⅓ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 33⅓ చుట్లు, ఒక చుట్టుకి 1.8 సెకన్లు. ఊగడం సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తుంటే మోటారుని తిట్టకండి. రికార్డు మధ్య చిల్లు కేంద్రంలో లేదన్నమాట, లేకపోతే రికార్డు వంగి ఉంది. అంతకన్నా తొందర తొందరగా వణుకుతుంటే మోటారు, పుల్లీ, బెల్టు వైపు చూడాలి. కాబట్టి తంబురా పరీక్ష ఒక రికార్డుతో ఆపకుండా రెండో రికార్డుతో కూడా చేయాలి. రెండింటిలోనూ ఊగితే ప్లేయరు, ఒకదాంట్లోనే అయితే ఆ రికార్డు.

వేగం సరిగ్గా ఉందా అన్నది వేరే సంగతి. ఊగకుండా నిలకడగా తప్పు వేగంతో తిరిగేవి కూడా ఉంటాయి. 60 సైకిళ్ళ (హెర్ట్జ్) కరెంటున్న దేశం నుంచి పాత బెల్టు ప్లేయరు తెస్తే, పుల్లీ మార్చకపోతే, మన 50 సైకిళ్ళకి అది ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది. దానికి స్ట్రోబ్ కాగితం (వలయాలుగా గీతలు గీసి ఉండే, ప్లేయరు మీద పెట్టి తిప్పే కాగితం) వాడండి. 50 సైకిళ్ళ కరెంటుకి 33⅓ వలయంలో 180 గీతలు ఉండాలి. తిరుగుతుంటే గీతలు నిలబడ్డట్టు కనిపిస్తే వేగం కరెక్టు. ఒక చిక్కు: ఇది పాత చోకు ట్యూబ్‌లైటు కింద బాగా పనిచేస్తుంది, చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద పనిచేయదు. అవి మెయిన్స్‌తో పాటు ఆరి వెలగవు.

మూడోది, ఎవరూ అడగనిది. ప్రతి వైపూ చివరి పాట వినండి. రికార్డు అంచులో ముల్లు కింద గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21 అవుతుంది. అదే పాట, అదే స్వరం సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించాలి. ముల్లు మొన లావుగా ఉన్నా, కార్ట్రిడ్జి వంకరగా బిగించినా అక్కడే బయటపడుతుంది. షోరూము వాళ్ళు మొదటి పాట మొదటి నిమిషం వినిపించి ఎత్తేస్తారు. మీరు ఎత్తనివ్వకండి. చివరి పాటలో స, శ, ష ఉన్న చోట బుస్సుమంటోందా చూడండి. స్తోత్రాల రికార్డులు ఇందుకు బ్రహ్మాండం, శ్రీకారాలకి కొదవ లేదు.

అలిపిరి రాక్
ఏంటి సార్ ఇదంతా, ఆడియో పరీక్షా, భజన మండలి ఎంపికా? పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఒకటి, డైర్ స్ట్రెయిట్స్ బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ ఒకటి, దమ్ముంటే టెలార్క్ కంపెనీ వాళ్ళ చైకోవ్‌స్కీ 1812. ప్రపంచమంతా వాడేవి ఇవే. ఊరికే వాడరు కదా.

డార్క్ సైడ్ (1973) మొదట్లో నిశ్శబ్దంలోంచి గుండె చప్పుడు మెల్లగా పైకి వస్తుంది. ప్లేయరు గుర్రుమనే రకమైతే గుండె కన్నా ముందు మోటారు వినిపిస్తుంది. తరవాత గడియారాలన్నీ ఒక్కసారి మోగుతాయి, అది ట్రెబుల్‌కి. 1812 సంగతి మీకు తెలిసే ఉంటుంది, 1979లో వచ్చింది, అసలు ఫిరంగులు పేల్చి డిజిటల్‌లో రికార్డు చేశారు. ఫిరంగుల దగ్గర గాడి ఎంత వెడల్పుగా ఊగిందో కంటికే కనిపిస్తుంది. సెట్టింగు సరిగ్గా లేని ముల్లు అక్కడ గాడిలోంచి ఎగిరి పడుతుంది. మీ కీర్తనల్లో అంత పరీక్ష ఎక్కడుంది?

మైకుసెట్టు చిత్తూరు
ఫిరంగి పేలినప్పుడు ముల్లు ఎగరకుండా ఉంటే మంచిదే అబ్బోడా. నువ్వు ఇంట్లో దినామూ ఫిరంగులు ఇంటావా?

అలిపిరి రాక్
😀 కాదన్నా, గరిష్ఠం తట్టుకుంటే మామూలుది ఎలాగూ తట్టుకుంటుంది కదా.

మైకుసెట్టు చిత్తూరు
అట్లయితే నాదస్వరం రికార్డు పెట్టు. షేక్ చినమౌలానా గారిదో, ఎవురిదైనా సరే, డోలుతో కూడింది. నాదస్వరం మైకు లేకుండా ఈదంతా ఇనపడే వాద్యం. గట్టిగా ఊదినచోట గాడి ఎంత బిగువుగా ఉంటాదో, ముల్లు ఆడ తడబడితే చెవిలో పొడిచినట్టు తెలస్తాది. డోలు దెబ్బ కిందనుంచి, నాదస్వరం పైనుంచి, ఒకేసారి. నీ ఫిరంగి ఒక నిమిషం, ఇది రికార్డు మొత్తం.

తంబుర శ్రుతి
అలిపిరి రాక్ గారూ, మీ రికార్డుల మీద నాకు కోపం లేదు. నా అభ్యంతరం వేరు. ఆ ఎలక్ట్రిక్ గిటారు స్టూడియోలో ఎలా వినిపించాలని వాళ్ళు అనుకున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. వీణ నా ఒళ్ళో ఉంటుంది. మృదంగం మా పక్కనే వాయిస్తారు. సంగీత కళాశాల గదుల్లో మైకు లేకుండా విన్న శబ్దం మా చెవుల్లో ఉంది. పోల్చడానికి నాకు అసలు ఉంది, మీకు ఇంకో స్పీకరు మాత్రమే ఉంది.

అలిపిరి రాక్
టీచరమ్మా, మీ విషయంలో ఒప్పుకుంటా. కానీ ఈ తమ్ముడు వీణ ఒళ్ళో పెట్టుకుని పెరగలేదు. మహతి ఆడిటోరియంలో కచేరీకి పోయినా వినేది మైకులోనే. మరి అతనికి అసలు ఎక్కడుంది? అతనికి తెలిసింది సినిమా పాటలూ, హెడ్‌ఫోనులో విన్నవీ. అలాంటివాడు తనకి ఇష్టమై వందసార్లు విన్నది పట్టుకెళ్ళాలి గానీ, మనకి ఇష్టమైంది కాదు.

తంబుర శ్రుతి
ఇది న్యాయమైన మాట. నా దగ్గర జవాబు సగమే ఉంది: మనిషి గొంతు. వీణ తెలియకపోయినా మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఘంటసాల గారి భగవద్గీత అందుకే తీసుకెళ్ళమంటాను. శ్లోకం పాడి, తరవాత తాత్పర్యం మామూలుగా చెప్తారు. ఆ వచనం దగ్గర వినండి. ఛాతీలోంచి వచ్చే గొంతు అది. స్పీకరు పెట్టె సరిగ్గా లేకపోతే పీపాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. శ్లోకంలో మోసపోతాం గానీ మాటలో మోసపోం.

గాడి గణితం
చాలా మంచి పాయింటు. దీనికి తోకగా మోనో రికార్డుల గురించి. కుర్రోడా, మీ పెట్టెలో హెచ్‌ఎమ్‌వీ ఎల్పీల నంబర్లు చూడండి. ముందు ఈసీఎల్‌పీ అని ఉంటే మోనో (రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం), ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో. మోనో అనగానే పక్కన పడేస్తారు. పరీక్షకి అదే బంగారం.

మోనోలో సంగీతమంతా గాడి పక్కలకి ఊగడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ ఊగేది దుమ్మూ గీతలే. స్టీరియో కార్ట్రిడ్జితో మోనో రికార్డు వేస్తే గొంతు రెండు స్పీకర్లకి సరిగ్గా మధ్యలో, గాలిలో నిలబడాలి. ఎడమకో కుడికో జరిగిందంటే ఒక చానలు బలహీనం, లేదా కార్ట్రిడ్జి ఒక పక్కకి ఒరిగి ఉంది. గొంతు చోటు లేకుండా గదంతా పరుచుకుంటే స్పీకరు తీగల ప్లస్ మైనస్ తారుమారయ్యాయేమో చూడమనండి, షోరూముల్లో కూడా ఇది జరుగుతుంది. ఆంప్లిఫయరు మీద మోనో బటన్ ఉంటే నొక్కండి, గరగర చటుక్కున తగ్గుతుంది, ఎందుకంటే ఆ పైకీ కిందికీ ఊగే చప్పుడు రద్దయిపోతుంది.

స్టీరియో కోసం నా ఎంపిక ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్, 1986. త్యాగరాజ స్వామికీ బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్. వయొలిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటే కింద బేస్ గిటారు తన దారిన తాను పోతుంటుంది. ఆ మూడు నాలుగు గీతల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని చివరిదాకా వెంబడించండి. మధ్యలో తప్పిపోతే ఆ సెట్టు వాటిని విడదీయలేకపోతోందన్నమాట. అలిపిరి రాక్‌కీ టీచరుగారికీ కూడా అభ్యంతరం ఉండదనుకుంటా.

అలిపిరి రాక్
లేదు. అది నేనూ తీసుకెళ్తా.

రేణిగుంట జంక్షన్
ఇంత కష్టం ఎందుకు, ఫోన్లో స్ట్రీమింగ్ పెట్టి స్పీకర్లు వింటే చాలదా?

గాడి గణితం
స్పీకర్లకి చాలు. టర్న్‌టేబులుకి, కార్ట్రిడ్జికి, ఫోనో స్టేజికి (కార్ట్రిడ్జి సిగ్నల్‌ని పెంచే భాగానికి) చాలదు. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు, 1954 నుంచి ఆర్‌ఐఏఏ అని ఒకే ప్రమాణం ఉంది. ఫోనో స్టేజి దాన్ని తిరగేయాలి: 20 సైకిళ్ళ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచాలి, 20,000 దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. కార్ట్రిడ్జి ఇచ్చేదేమో 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అంత చిన్న సిగ్నల్‌ని పెంచేటప్పుడు హమ్మింగ్ ఎంత కలిసిందో ఫోన్లోంచి ఎలా తెలుస్తుంది?

మైకుసెట్టు చిత్తూరు
హమ్మింగ్‌కి రికార్డే అక్కర్లే. ముల్లు పైకెత్తి, సెలెక్టరు ఫోనోలో పెట్టి, నువ్వు ఇనే వాల్యూముకి తిప్పి చెవి స్పీకరు కాడ పెట్టు. బూమ్మంటే ఎర్తు తీగ బిగించినారో లేదో చూడు. షోరూములో రాకపోయినా ఇంట్లో రావచ్చు. మన పాత ఇండ్లల్లో మూడో పిన్ను ప్లగ్గు ఉంటాది గానీ దానికి ఎర్తు తీగ ఉండదు. ముందు అది చూపిచ్చుకో.

ఇంగోటి ఇదే చోట. తిరగని రికార్డు మీద ముల్లు ఆనిచ్చి వాల్యూము పెంచి, టేబులు మీద వేలితో కొట్టు. ఆ దెబ్బ స్పీకర్లో గట్టిగా మోగితే ఆ ప్లేయరు మన ఇంటి అటక బల్ల మీద నిలవదు, కూతపెడతాది.

పెట్టె అడుగున బరువైన రికార్డులు అన్నావు. అవి 78లు, నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు. దయచేసి షోరూముకి తీసుకోనిపోవద్దు. ఎల్పీ ముల్లుతో వాటిని తాకొద్దు.

కొర్లగుంట కుర్రోడు
ఎందుకన్నా? ప్లేయరులో 78 అని స్విచ్చి ఉంది కదా.

మైకుసెట్టు చిత్తూరు
స్పీడు ఉంటాది, ముల్లు ఉండదు. 78 గాడి ఎల్పీ గాడికి మూడింతలు నాలుగింతలు వెడల్పు. ఎల్పీ ముల్లు దాని అడుగున దుమ్ములో దొర్లతా పోతాది. ముల్లూ పోతాది, రికార్డూ పోతాది. దానికి 3 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మొన ఉండే వేరే ముల్లు కావాల.

తంబుర శ్రుతి
కడిగేటప్పుడు కూడా జాగ్రత్త. ఎల్పీలకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కలిపిన నీళ్ళు వాడతారు. అవి 78ల మీద పోస్తే లక్క కరిగిపోతుంది. మా మేనమామ గారి రికార్డులు అలాగే పాడయ్యాయి. ఎల్పీలకి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, మెత్తటి గుడ్డ. గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. కొళాయి నీళ్ళు మన ఊళ్ళో అసలు వద్దు, ఆరాక తెల్లటి మచ్చలు పడతాయి.

మోడరేటర్
78ల ముల్లు, కడగడం గురించి ఇంకా ఉంటే వేరే చర్చ తెరవండి. ఇక్కడ పరీక్ష రికార్డుల దగ్గరే ఉందాం. నా వైపు నుంచి ఒక మాట: రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు వాల్యూము సమానంగా పెట్టించండి. కాస్త ఎక్కువ మోగేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది, అమ్మేవాళ్ళకి ఇది బాగా తెలుసు.

కొర్లగుంట కుర్రోడు
పోయొచ్చాను. టీచరమ్మ ఇచ్చిన పంచరత్నమాల రికార్డు, మా తాత చిట్టిబాబు, భగవద్గీత, ఒక ఈసీఎల్‌పీ మోనో కచేరీ తీసుకెళ్ళా. సుప్రభాతం ఇంట్లోనే పెట్టా, లైటు కింద పట్టి చూస్తే గాడులన్నీ బూడిదరంగులో ఉన్నాయి.

షోరూములో ముందు వాళ్ళ రికార్డు వేశారు, మూడు జతలూ ఒకటే అనిపించాయి. నా భగవద్గీత పెట్టగానే ఖరీదైన జత పోటీలోంచి తప్పుకుంది. తాత్పర్యం దగ్గర గొంతు లావెక్కిపోయింది. మధ్య ధర జతలో ఆయన మనిషిలా ఉన్నారు. అమ్మే అతను కూడా "ఇది ఏం రికార్డు సార్" అని అడిగి మళ్ళీ వేయించుకున్నాడు.

తంబురా దగ్గర చిక్కొచ్చింది. ఒక ప్లేయరు మీద చిట్టిబాబు రికార్డు ఊగింది, నాకే తెలిసిపోయింది! గాడి గణితం అన్న చెప్పినట్టు లెక్కపెట్టా, చుట్టుకోసారే. అదే ప్లేయరు మీద పంచరత్నమాల నిలకడగా ఉంది. అంటే చిట్టిబాబు రికార్డు చిల్లు పక్కకి ఉందన్నమాట. లేకపోతే ఆ ప్లేయరు వద్దనేవాణ్ణి. దాన్నే తీసుకున్నా. ఏటీ-వీఎమ్95ఈ కార్ట్రిడ్జితో వస్తుంది.

గాడి గణితం
మంచి ఎంపిక. ముల్లు బరువు 2 గ్రాములకి పెట్టు, దాని పరిధి 1.8 నుంచి 2.2. షోరూము వాళ్ళు పెట్టింది నమ్మకు, చిన్న డిజిటల్ త్రాసు కొను. తరవాత ఆ మోనో రికార్డు ఇంట్లో వేసి గొంతు మధ్యలో ఉందో లేదో మళ్ళీ చూడు. బస్సులోనో రైల్లోనో కుదుపులకి కార్ట్రిడ్జి కదిలి ఉండొచ్చు.

కొర్లగుంట కుర్రోడు
చూశానన్నా, కొంచెం ఎడమకి ఉంది. కార్ట్రిడ్జా, గదా?

గాడి గణితం
కార్ట్రిడ్జి వెనక ఎడమ కుడి తీగలు మార్చి పెట్టు. గొంతు కుడికి పోతే తప్పు కార్ట్రిడ్జి దగ్గర. ఎడమకే ఉండిపోతే ఆంప్లిఫయరో, స్పీకరో, గదో.

మైకుసెట్టు చిత్తూరు
ఆ తీగలు జుట్టంత సన్నంగా ఉంటాయి. చిమటాతో పట్టుకో, లాగొద్దు. ముందు ఆంప్లిఫయరు ఆపు. ఎడమపక్క స్పీకరు గోడ మూలకి ఆనిచ్చి పెట్టినావా ఏంది? ఫోటో పెట్టు.

కొర్లగుంట కుర్రోడు
అవునన్నా, మూలకే ఉంది. పక్కన బీరువా ఉంది, జరపడానికి చోటు లేదు. అమ్మని అడిగి బీరువా సంగతి చూస్తా.

తంబుర శ్రుతి
బీరువా జరిపాక నా రికార్డు తెచ్చివ్వండి బాబూ.